మీరడిగారు, చెప్తున్నా: పఠాన్లు, దాయాదులు, మిషన్ హాస్పిటళ్ళు

పోయిన నెల ఈ కాలమ్‌లో సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ పెషావర్‌లో మిషన్ స్కూల్లో చదువుకున్నాడని ఒక్క లైన్ రాశానో లేదో, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ వరసపెట్టి వచ్చేశాయి, పఠాన్లంటే ఎవరు అనే దగ్గర్నుంచి వాళ్ళకి సువార్త చెప్పడానికి మేం వెళ్ళొచ్చా అనే దాకా. అందుకని ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. సినిమా ప్రశ్నలు పంపినవాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: మాది కడప సార్. మా వీధిలో పఠాన్ అని ఇంటిపేరు ఉన్న కుటుంబాలు మూడున్నాయి, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడతారు. టీవీలో చూపించే ఆఫ్ఘనిస్తాన్ వాళ్ళూ వీళ్ళూ ఒకటేనా?

జవాబు: మూలం అదేనని చెప్పుకుంటారు, చాలామంది విషయంలో నిజమే కూడా. మీ కడపని ఏలిన మయానా నవాబులు పఠాన్లే, పక్కన కర్నూలు నవాబులు పన్నీ పఠాన్లు, 1839లో ఇంగ్లీషువాళ్ళు గులాం రసూల్ ఖాన్‌ని దించేదాకా కర్నూలు వాళ్ళ చేతిలోనే ఉంది. ఆ దండుల వెంట వచ్చినవాళ్ళు ఇక్కడే ఇళ్ళు కట్టుకుని పిల్లల్ని కన్నారు, తరాలు గడిచేసరికి పష్తో భాష పోయింది, ఇంగువ కట్టిన గుడ్డకి వాసన మిగిలినట్టు పేరు మాత్రం మిగిలింది. (ఆ ఇంగువ కూడా మనకి ఎక్కువగా ఆఫ్ఘనిస్తాన్ నుంచే వస్తుంది, పులిహోర తిన్నప్పుడల్లా మీరు వాళ్ళకి బాకీయే.)

పఠాన్ అన్నది హిందూస్తానీలో పిలిచే పేరు, వాళ్ళు తమని తాము పష్తూన్ అంటారు, పెషావర్ వైపు అదే మాట పఖ్తూన్ అవుతుంది. పాకిస్తాన్‌లో పష్తో మాట్లాడేవాళ్ళు 4 కోట్లు దాటారు, ఆఫ్ఘనిస్తాన్‌లో అన్ని జాతుల్లోకీ పెద్దది వీళ్ళదే. 1893లో ఇంగ్లీషువాళ్ళు ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దుగా డ్యూరాండ్ లైన్ అని ఒక గీత గీసేసరికి మొహ్మంద్‌లు, షిన్వారీలు, వజీర్లు లాంటి తెగలు సగం ఇటూ సగం అటూ పడ్డాయి, పెళ్ళిళ్ళూ చావులూ మాత్రం గీత దాటి నడుస్తూనే ఉన్నాయి.

ప్రశ్న: పష్తూన్వాలీ అంటే వాళ్ళ రాజ్యాంగమా? పగ తీర్చుకోవడం తప్ప అందులో ఇంకేమైనా ఉందా? (వరంగల్ నుంచి ఒక డిగ్రీ స్టూడెంట్)

జవాబు: రాసిపెట్టిన పుస్తకమేం కాదు తమ్ముడూ, మన పల్లెల్లో కట్టుబాటు అంటాం చూడు, అలాంటిది, కాకపోతే తప్పితే పరువు కాదు, ప్రాణమే పోవచ్చు. పగ ఉంది, దాన్ని బదల్ అంటారు, అసలు ఆ మాటకి అర్థం బదులు తీర్చడం, మంచికి మంచి కూడా బదలే. వందేళ్ళకి పగ తీర్చుకుని అయ్యో తొందరపడ్డానే అనుకున్న పష్తూన్ సామెత వాళ్ళే నవ్వుతూ చెప్పుకుంటారు.

కానీ నన్నడిగితే మొదట చూడాల్సింది హుజ్రా. హుజ్రా అంటే మగవాళ్ళు కూర్చునే అతిథి గది, ఊళ్ళో నలుగురూ చేరేది అక్కడే, నులక మంచాలు వేసి ఉంటాయి, కొత్త మనిషి రాగానే ఎవరు నువ్వు ఎందుకొచ్చావు అని అడగరు, చిలంచీ అనే రాగి పళ్ళెం పట్టుకుని ఇంటి కుర్రాడు చేతుల మీద నీళ్ళు పోస్తాడు, ఏలకులు వేసిన ఖహ్వా టీ వస్తుంది, తర్వాత రొట్టె, ఇంట్లో ఉన్నంతలో మాంసం, మాటలన్నీ ఆ తర్వాతే. దీన్ని మేల్‌మస్తియా అంటారు, అతిథి మర్యాద అనుకో, కానీ అందులో అతిథి ప్రాణానికి పూచీ కూడా ఉంది, నా హుజ్రాలో ఉన్నంతసేపు నిన్ను తాకాలంటే ముందు నన్ను దాటాలి.

ఇంకోటి ననవాతే, శరణు. చంపినవాడి తరఫువాళ్ళే ఖురాన్ పట్టుకుని, గొర్రెల్ని తోలుకుని, ఒక్కోసారి నోట గడ్డి కరుచుకుని శత్రువు గుమ్మానికి వస్తారు, అలా వచ్చినవాణ్ణి కాదనడం చాలా కష్టం, కాదంటే పోయేది తన పరువే. తగాదా పెద్దదైతే జిర్గా కూర్చుంటుంది, రచ్చబండ లాగానే, కాకపోతే గుండ్రంగా నేల మీద, అధ్యక్షుడి కుర్చీ ఉండదు. చీకటి కోణమూ ఉంది, రాజీ కోసం ఆడపిల్లని అవతలి ఇంటికి ఇచ్చేయడం, దాన్ని స్వారా అంటారు, పాకిస్తాన్‌లో చట్టం నేరమంటోంది, అయినా పూర్తిగా ఆగలేదు.

తెలుగువాళ్ళకి ఇట్టే అర్థమయ్యే మాట ఒకటుంది, తర్బూర్. దానికి అర్థం పెదనాన్న చిన్నాన్నల కొడుకు, వాడుకలో మాత్రం శత్రువు అనే ధ్వని. తాత పొలం పంచుకోవాల్సింది వాడితోనే కదా, పెద్దరికంలో పోటీ వాడే కదా, కాబట్టి తొలి శత్రువు కూడా వాడే. మనం దాయాది అంటాం, భారతం మొత్తం నడిచింది దాని మీదే, కాబట్టి ఏదో వింత జాతి అనుకోనక్కర్లేదు.

ప్రశ్న: వాళ్ళు తాయెత్తులు, దిష్టి లాంటివి నమ్ముతారా? ఇస్లాంలో అవి లేవంటారుగా.

జవాబు: నమ్ముతారమ్మా, మనలాగే. పిల్లలకి దిష్టి తగిలిందంటే స్పెలనీ అనే గింజల్ని నిప్పుల మీద వేసి ఆ పొగ తల చుట్టూ తిప్పుతారు, మన సాంబ్రాణి ధూపంలాగా, ఉప్పూ మిరపకాయల దిష్టిలాగా. మెడలో తావీజు, జిన్నుల భయం, సంతానం కోసం మొక్కులు అన్నీ ఉన్నాయి. దర్గాని జియారత్ అంటారు, బునేర్‌లో పీర్ బాబా సమాధికి జనం విరగబడి వెళ్తారు. నచ్చనివాళ్ళూ ఉన్నారు, 2009 మార్చిలో పెషావర్‌లో రహ్మాన్ బాబా అనే పష్తో కవి సమాధిని బాంబు పెట్టి పేల్చారు, ఆయన పద్యాలు వాళ్ళకి మన వేమన పద్యాల్లాంటివి, ముసలమ్మలు కూడా నోటికి చెప్తారు.

మతం సున్నీ, హనఫీ పద్ధతి, కుర్రంలో తూరీ తెగ మాత్రం షియా. తమ మూలపురుషుడు ఖైస్ మదీనా వెళ్ళి ప్రవక్తనే కలిసి అబ్దుర్ రషీద్ అని పేరు పెట్టించుకున్నాడని వాళ్ళ కథ. చరిత్రకి నిలబడదు గానీ ఆ కథ చేసే పని పెద్దది, ఎందుకంటే ఎవరో వచ్చి మమ్మల్ని ముస్లింలుగా మార్చారు అనే మాటే అందులో లేదు, పుట్టుకే ఇస్లాంలో. మళ్ళీ అదే మనుషులు ఆడపిల్లకి ఆస్తిలో వాటా ఇమ్మని షరియా చెప్తే, మా ఆచారం కాదని ఎగ్గొట్టేవాళ్ళూ కొల్లలు. గఫార్ ఖాన్ కొడుకు వలీ ఖాన్ ఒకసారి నేను వేల ఏళ్ళుగా పష్తూన్‌ని, 1300 ఏళ్ళుగా ముస్లింని, పాకిస్తానీని అయ్యి పాతికేళ్ళే అన్న అర్థంలో అన్నాడు, వరస గమనించండి.

ప్రశ్న: మాది ఒంగోలు. 1878లో ఇక్కడ ఒక్క రోజులోనే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా సంఘంలో ఇప్పటికీ చెప్తారు. అవే రోజుల్లో పఠాన్ల మధ్య కూడా మిషనరీలు పనిచేశారంటున్నారు, మరి అక్కడ ఎందుకు జరగలేదు?

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించా, నిజంగా మంచి ప్రశ్న. ముందు పని జరగలేదని అనుకోకండి. బెంగాల్ శ్రీరాంపూర్‌లో విలియం కేరీ అనే మిషనరీ ప్రెస్ నుంచి పష్తో కొత్త నిబంధన 1818లోనే వచ్చింది. 1841లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్‌ని దింపిన చర్చ్ మిషనరీ సొసైటీయే (సి.ఎం.ఎస్.) తర్వాత పెషావర్‌కీ వెళ్ళింది, 1855లో అక్కడ ఎడ్వర్డ్స్ స్కూల్ పెట్టింది. లోవెంతాల్ అని పోలండ్‌లో పుట్టిన యూదుడు, క్రైస్తవుడై అమెరికన్ మిషన్ తరఫున వచ్చి పష్తోలోకి కొత్త నిబంధన మళ్ళీ అనువాదం చేశాడు, పాపం 1864లో రాత్రిపూట తన సొంత చౌకీదారే కాల్చేశాడు, దొంగ అనుకున్నానన్నాడు. థామస్ హ్యూస్ అనే ఇంకో ఆయన పెషావర్‌లో మిషన్ తరఫున ఏకంగా ఒక హుజ్రానే కట్టించాడు, కొండల మీది ఖాన్లు వచ్చి దిగడానికి, తిండీ పడకా మిషన్ ఖర్చు. తెలివైన పని, వాళ్ళ మర్యాద వాళ్ళకే వడ్డించడం.

అందరిలోకీ పేరొచ్చింది పెన్నెల్ డాక్టర్‌కి. థియోడర్ పెన్నెల్, లండన్‌లో చదువుకుని 1892లో వచ్చాడు, వజీరిస్తాన్ అంచున బన్నూలో హాస్పిటల్ పెట్టుకుని పఠాన్ బట్టలే కట్టుకుని, తుపాకీ లేకుండా తిరిగేవాడు, అక్కడ తుపాకీ లేకపోతే ఒంటి మీద బట్ట లేనట్టే లెక్క. పెళ్ళి చేసుకుంది కూడా ఇండియన్ డాక్టర్‌నే, తొలి మహిళా లాయర్ కార్నీలియా సొరాబ్జీ చెల్లెలు ఆలిస్‌ని. ఆయన రాసిన సంఘటన ఒకటి నేను మర్చిపోలేను. ఒకడు కోపంలో పెళ్ళాం ముక్కు కోసేసి, తర్వాత బాధపడి బాగుచేయించడానికి తీసుకొచ్చాడు. గాయం బాగా లేదు, ఇంగ్లండ్ నుంచి కట్టుడు ముక్కు తెప్పిస్తే 30 రూపాయలవుతుందన్నాడు డాక్టర్. వాడు ఆలోచనలో పడ్డాడు, ఏంటయ్యా అంటే, ఏం లేదు సాహెబ్, 80 పెడితే కొత్త పెళ్ళామే వస్తుంది కదా అని చూస్తున్నా అన్నాడు. నవ్వొస్తుంది, వెంటనే ఆ ముక్కు లేని మనిషి పక్కనే నిలబడి ఇదంతా వింటోందని గుర్తొచ్చి నవ్వు ఆగిపోతుంది. 1912లో ఇన్ఫెక్షన్ ఉన్న కేసు నుంచి విషం ఎక్కి తోటి డాక్టర్ బార్నెట్ పోయాడు, కొద్ది రోజులకే పెన్నెల్ కూడా, 44 ఏళ్ళకి. బన్నూ బన్నూ అంతా ఏడ్చింది.

మరి బాప్తిస్మాలు? వేళ్ళ మీద లెక్క. అదే డాక్టర్ శుక్రవారం బజార్లో నిలబడి బైబిల్ చదివితే మట్టీ రాళ్ళూ పడేవి, మర్నాడు ఆ రాయి వేసినవాడే మనవణ్ణి ఎత్తుకుని హాస్పిటల్ వరండాలో కూర్చునేవాడు, అందులో వాడికి తేడా ఏమీ కనిపించేది కాదు, డాక్టర్ అతిథి, ఆయన పుస్తకం అతిథి కాదు, అంతే.

ఇప్పుడు మీ ఒంగోలు సంగతి చూడండి. 1876 నుంచి 78 దాకా కరువు, మీ ఊరి అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇచ్చాడు, కరువు తగ్గాక గుండ్లకమ్మలో బాప్తిస్మాలు. వచ్చినవాళ్ళు ఎక్కువమంది మాదిగపల్లెల నుంచి, పల్లెకి పల్లె కలిసి వచ్చారు, ఊరు వాళ్ళకి అప్పటిదాకా ఇచ్చింది వెలివాడే కాబట్టి పోగొట్టుకునేది తక్కువ, వచ్చేది చదువూ తలెత్తుకోవడమూ, పైగా చుట్టాలంతా వెంటే ఉన్నారు. పష్తూన్ సంగతి దీనికి పూర్తిగా తిరగేసిన లెక్క. మతం మారేవాడు ఒక్కడే మారాలి, మారితే పొలంలో వాటా పోతుంది, జిర్గాలో చోటు పోతుంది, పిల్లనిచ్చేవాడుండడు, ఉన్న భార్యని మామగారు తీసుకుపోతాడు, చంపినా పగ తీర్చేవాళ్ళుండరు, దాయాది అయితే ఇన్నాళ్ళకి మంచి సాకు దొరికిందని చూస్తాడు. పష్తూన్ కాకుండా పోవడం అంటే వాళ్ళ దగ్గర మనిషి లెక్కలోంచే పోవడం. బోధ బలహీనమయ్యో ప్రార్థన తక్కువయ్యో కాదు, నా ఉద్దేశంలో మొత్తం చిక్కు అక్కడుంది.

ప్రశ్న: మిషనరీలని ఆకాశానికెత్తుతున్నారు. వాళ్ళంతా బ్రిటిష్ ఏజెంట్లు కాదా? (పేరు వద్దన్నారు)

జవాబు: సంబంధం లేదని నేనెప్పుడన్నాను. పెషావర్ కమిషనర్ మెకెసన్ మిషన్ వద్దే వద్దన్నాడు, 1853లో ఆయన్ని పొడిచి చంపారు, తర్వాత వచ్చిన ఎడ్వర్డ్స్ దగ్గరుండి మిషన్ పెట్టించాడు, స్కూల్‌కి ఆయన పేరే. పెన్నెల్ ఒక్కడుంటే రెండు రెజిమెంట్లు ఉన్నట్టే అని ఆఫీసర్లు మురిసిపోయేవాళ్ళు, అంటే వాళ్ళ దృష్టిలో ఆయన ఏంటో తెలుస్తూనే ఉంది. కానీ అదే ఎడ్వర్డ్స్ స్కూల్లో చదివిన గఫార్ ఖాన్, ముల్లాలు తిడుతున్నా వాళ్ళ నాన్న పంపించాడు, అక్కడి హెడ్మాస్టర్ విగ్రామ్ పాదిరీ సేవ చూసే తనకీ సేవ చేయాలనిపించిందని చెప్పుకున్న మనిషి, 1929లో ఖుదాయీ ఖిద్మత్‌గార్లు, అంటే దేవుడి సేవకులు, అనే దళాన్ని పెట్టి ఎర్రచొక్కాలు వేయించి చేతిలో కర్ర కూడా లేకుండా బ్రిటిష్ వాళ్ళ ఎదుట నిలబెట్టాడు. 1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సా ఖానీ బజార్లో కాల్పులు జరిగింది వాళ్ళ మీదే. ఏజెంట్ల స్కూల్ అయితే ఆ పెట్టుబడి బాగా మునిగినట్టే.

ప్రశ్న: మిషనరీల్లో ఆడవాళ్ళు ఎవరూ లేరా ఆ ప్రాంతంలో?

జవాబు: ఉన్నారమ్మా. లిలియన్ స్టార్ అని పెషావర్ మిషన్ హాస్పిటల్‌లో నర్సు. భర్త స్టార్ డాక్టర్‌ని 1918లో ఆ ఊళ్ళోనే రాత్రిపూట ఇంటికొచ్చి పొడిచి చంపారు. 1923 ఏప్రిల్‌లో అజబ్ ఖాన్ అనే అఫ్రీదీ తెగ పఠాన్ కోహాట్ కంటోన్మెంట్‌లో మేజర్ ఎల్లిస్ ఇంట్లో దూరి, భార్యని చంపి, 17 ఏళ్ళ కూతురు మాలీని తిరాహ్ కొండల్లోకి ఎత్తుకుపోయాడు. అంతకుముందు సైన్యం దొంగతుపాకుల కోసం వాళ్ళ ఊరి మీద పడి ఆడవాళ్ళని కూడా సోదా చేసిందని, దానికి ఇది బదల్ అని వాళ్ళ మాట. సైన్యాన్ని పంపిస్తే పిల్లని చంపేస్తారు, అందుకని చీఫ్ కమిషనర్ ఈ నర్సుని అడిగాడు. పఠాన్ బట్టలు వేసుకుని మందుల పెట్టె పట్టుకుని, మొఘల్ బాజ్ ఖాన్ అనే అఫ్రీదీ తోడుగా, ఇంగ్లీషువాళ్ళు అడుగుపెట్టలేని తిరాహ్‌లోకి వెళ్ళింది, ముల్లా ఇంట్లో ఉన్న పిల్లని తీసుకొచ్చింది. మొగుణ్ణి చంపినవాళ్ళ కొండల వైపే మందుల పెట్టెతో వెళ్ళడం, నాకైతే ఊహకి కూడా అందదు.

ప్రశ్న: 2013లో పెషావర్ చర్చిలో బాంబులు పేలి చనిపోయినవాళ్ళు పష్తూన్ క్రైస్తవులా?

జవాబు: చాలావరకు కాదు. అక్కడి క్రైస్తవులు ఎక్కువమంది పంజాబీ మూలాలున్నవాళ్ళు, బ్రిటిష్ కంటోన్మెంట్ల కాలంలో పనుల కోసం వచ్చినవాళ్ళ పిల్లలు, ఇప్పటికీ చాలామంది సఫాయి పనుల్లోనే ఉన్నారు. ఆ ఆల్ సెయింట్స్ చర్చి 1883 నాటిది, గుమ్మటం మినార్లతో దూరం నుంచి మసీదే అనిపిస్తుంది, కావాలనే అలా కట్టారు. సెప్టెంబర్ 22 ఆదివారం, ఆరాధన అయ్యి జనం ఆవరణలో భోజనాలకి నిలబడ్డ సమయంలో ఇద్దరు పేల్చుకున్నారు, 80 మందికి పైగా పోయారు.

ప్రశ్న: మా యూత్ టీమ్ ఆరుగురం టూరిస్ట్ వీసా మీద ఆఫ్ఘనిస్తాన్ వెళ్ళి సేవ, సువార్త రెండూ చేద్దామనుకుంటున్నాం. మీ సలహా?

జవాబు: వెళ్ళకండి. కోప్పడినా సరే, ఇదే నా జవాబు. 2007 జూలైలో కొరియా నుంచి ఒకే చర్చికి చెందిన 23 మంది బస్సులో కాందహార్ వెళ్తుంటే గజనీ దగ్గర తాలిబాన్ పట్టుకున్నారు, ఇద్దర్ని చంపారు, మిగతావాళ్ళని వదిలేలోపు కొరియా ప్రభుత్వం సైన్యాన్ని వెనక్కి పిలుస్తామని, మిషనరీలని ఇక పంపమని ఒప్పుకోవాల్సి వచ్చింది. 2010లో కంటి డాక్టర్ల టీమ్‌ని, పదిమందిని, బదఖ్షాన్‌లో కాల్చేశారు, మేం మతప్రచారం చేయం అని వాళ్ళని పంపిన సంస్థ మొత్తుకుంది, అందులో టామ్ లిటిల్ మూడు దశాబ్దాలకి పైగా అక్కడే ఉండి భాష నేర్చుకుని కళ్ళద్దాలు పంచిన మనిషి. ఆయనకే అలా అయితే భాష రాని మీ ఆరుగురి పరిస్థితి ఏంటి? మీరు రెండు వారాల్లో తిరిగొచ్చేస్తారు, మీతో టీ తాగిన కుర్రాడు అక్కడే ఉంటాడు, వాడి దాయాదులు కూడా అక్కడే ఉంటారు. అంత కోరికుంటే ముందు పష్తో నేర్చుకోండి, మూడు నాలుగేళ్ళు పడుతుంది, ఢిల్లీ లజపత్ నగర్‌లో ఆఫ్ఘన్ శరణార్థులున్నారు, హాస్పిటల్‌కి తోడెళ్ళేవాళ్ళు, దుబాసీ పనిచేసేవాళ్ళు వాళ్ళకి ఎప్పుడూ కావాలి.

ప్రశ్న: 1973లో కాబూల్‌లో చర్చి కూలగొట్టాక నెల తిరక్కుండా ప్రభుత్వమే పడిపోయిందని మా పాస్టర్ గారు చెప్పారు. నిజమేనా?

జవాబు: తేదీల వరకు దాదాపు కరెక్టే. 1970లో విదేశీయుల కోసం కట్టిన చర్చిని 73 జూన్‌లో సర్కారు బుల్డోజర్లతో కూల్చింది, జూలై 17న రాజు జహీర్ షా కంటి వైద్యానికని ఇటలీలో ఉండగా సింహాసనం పోయింది. కారణం దగ్గర మాత్రం పాస్టర్ గారితో నేను కొంచెం తేడా పడతా, ఎందుకంటే రాజుని దించింది దావూద్ ఖాన్, ఆయన స్వయానా రాజు గారి పెదనాన్న కొడుకు. తర్బూర్.